ఖాళీ వంతెన మీద లారీలు

రిజిస్టరు ప్రకారం ఆమె మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవై అయిదుకి వంతెన లోపలికి దిగింది. మూడూ అయిదుకి పైకొచ్చింది. ఇవాళ గురువారం, గోడ గడియారంలో పదకొండు కావస్తోంది. ఈ నలభై నాలుగు గంటల్లో ఆమెను కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

డిటెక్టివ్ ఆ పేజీని మూడోసారి చదివి రిజిస్టరు మూశాడు. అరచేతుల చెమట అట్టకు అంటుకుంది. కంట్రోల్ రూము వంతెన మొదట్లోనే ఉంది. లారీ పోయినప్పుడల్లా కాళ్లకింద నేల సన్నగా వణుకుతోంది. పదహారేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, కత్తులు పట్టినవాళ్ల ఎదుట నిలబడి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషికి ఈ పిరికితనమేమిటని మీరు అనుకోవచ్చు. కత్తులంటే ఆయనకు నిజంగానే భయం లేదు. కదిలే నేలన్నా, మూసిన గదులన్నా మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. ఇవాళ ఆ రెండూ ఒకేచోట తగిలాయి.

పొద్దున ఏడింటికి ఆయన ఆఫీసు మెట్లమీద ఒకామె కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచి వచ్చేసింది.

"మా చెల్లెలండీ, చిట్టి. వంతెన మీద ఇంజనీరు. పక్కవీధికి వెళ్లినా నాకు చెప్పి వెళ్తుంది. మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేసి 'అక్కా, ఆరింటికల్లా వచ్చేస్తా, ఆకలి దంచేస్తోంది, ఏదైనా చేసి పెట్టు' అంది. చేశానండీ. ముట్టుకోకుండా అలాగే ఉంది."

"పోలీసులు ఏమన్నారు?"

"ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందన్నారు. స్కూటరు బస్టాండులో దొరికిందట." ఆమె ఏడవలేదు. ఏడిస్తే చెల్లెలు లేనట్టేనని భయపడుతున్నట్టు బిగబట్టుకుంది. "నాకు అది తప్ప ఇంకెవరూ లేరు. ప్రాణాలతో తెచ్చివ్వండి."

సరేనన్నాడు డిటెక్టివ్. అలాంటి మాట ఇవ్వకూడదని తెలిసి కూడా ఇచ్చేశాడు.

"కూర్చోండి, కూర్చోండి," కంట్రోల్ రూములోకి వచ్చి చీఫ్ ఇంజనీరు కుర్చీ జరిపాడు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. నెమ్మదైన గొంతు, ఇస్త్రీ నలగని చొక్కా. మాట మాటకీ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "ఆ అమ్మాయి గురించి మాకూ దిగులుగానే ఉంది. సిగ్నలమ్మ అనేవాళ్లు ఇక్కడందరూ."

"లోపలికి దిగడం అంటే ఏమిటండీ? వంతెనకు లోపలేముంటుంది?"

"రోడ్డు కింద గుల్లగా ఉంటుంది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా ఒకటే పొడవాటి ఇనప పెట్టె. మనిషి నడవొచ్చు. అందులో వరసగా పద్నాలుగు సెన్సర్లు బిగించాం. వంతెన ఎంత ఊగుతోందో, ఎలా వణుకుతోందో ఇరవై నాలుగ్గంటలూ రాసి పంపిస్తుంటాయి." ఎదురుగా ఉన్న పెద్ద తెర చూపించాడు. పద్నాలుగు గీతలు ఎడమనుంచి కుడికి పాకుతున్నాయి. "ప్రతి వంతెనకీ సొంత ఊపు ఒకటుంటుంది. మాది నిమిషానికి ఇరవై నాలుగు సార్లు. ఎక్కడైనా ఇనుము చిట్లితే బిగువు సడలి ఆ లెక్క దిగుతుంది. ఎండకి కూడా కాస్త దిగుతుంది. ఎండ వల్ల దిగిందెంత, దెబ్బ వల్ల దిగిందెంత అని విడదీసి చెప్పడమే ఆ అమ్మాయి పని."

"ఈమధ్య ఏం చెప్పింది?"

"అంతా బాగుందనే." కళ్లజోడు మళ్లీ చేతిలోకి వచ్చింది. "మీరే చూడండి. ఇరవై నాలుగు."

తెర మూలన నిజంగానే ఇరవై నాలుగు అని ఉంది. ఎవరో ఫోన్ చేస్తే చీఫ్ పక్కగదిలోకి వెళ్లాడు. డిటెక్టివ్ తెరముందే కూర్చుండిపోయాడు. ఆయనకు ఈ చదువు రాదు. కానీ ఒకే వస్తువును అరగంటసేపు కన్నార్పకుండా చూడటం మాత్రం వచ్చు. ఆ అలవాటుకే డిపార్టుమెంటులో నత్త అని పేరు పెట్టారు.

నత్తకు ఇరవయ్యో నిమిషంలో ఒకటి కనిపించింది. ఆరు, ఏడు, ఎనిమిది గీతలు వంతెన నడిమధ్యవి. పెద్ద లారీ వచ్చినప్పుడు ఆరూ ఎనిమిదీ కలిసి కిందికి దిగుతున్నాయి. వాటి మధ్యలో ఉన్న ఏడు మాత్రం పైకి లేస్తోంది. ప్రతిసారీ అంతే.

అప్పుడే టెక్నీషియన్ లోపలికి వచ్చాడు. జేబులో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అతన్ని అందరూ పానా అనే పిలుస్తారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. అతను తెరవైపు ఒక్కసారి చూశాడు. మళ్లీ అటు చూడకుండా వచ్చిన దారినే వెళ్లబోయాడు.

డిటెక్టివ్ అతని భుజంమీద చెయ్యి వేసి, సామాన్ల గదిలోకి నడిపించి, తలుపు దగ్గరగా వేశాడు. మూసిన తలుపు తన గుండెల్ని కూడా పిండింది. అయినా వేశాడు.

"ఏడో గీత చూశారు. చూసి మొహం తిప్పుకున్నారు. ఏముంది అందులో?"

"నాకేం తెలుసండీ! బోల్టులు బిగించేవాణ్ణి."

"అటూ ఇటూ ఉన్నవి దిగితే అది లేస్తోంది. చదువురాని నాకే తెలిసిపోతోంది."

"వైరు వదులై ఉంటుంది."

"వైరు వదులైతే గీత పిచ్చిగా ఎగరాలి. ఇది బుద్ధిగా లెక్కప్రకారం ఎదురు తిరుగుతోంది." డిటెక్టివ్ గొంతు తగ్గించాడు. "మంగళవారం సాయంత్రం ఆరింటికి వాళ్లక్క వండి పెట్టింది, పానా గారూ. ఇంకా మూత కూడా తియ్యలేదట."

పానా అక్కడున్న డబ్బామీద కూలబడ్డాడు.

"ఎనిమిది నెలల కిందట ఆ ఏడోదాన్ని తలకిందులుగా బిగించేశానండీ. ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చా. ఒక్కరోజులో పట్టేసింది సిగ్నలమ్మ. చీఫ్ గారికి తెలిస్తే నన్ను అదే రోజు ఇంటికి పంపించేవారు. ఆ తల్లి ఏమందో తెలుసా? 'బాబాయ్, విప్పి మళ్లీ బిగించాలంటే లాగ్‌బుక్కులో రాయాలి. నేను కంప్యూటర్లో ఆ గీతని తిరగేసి చూపిస్తాలే. మనిద్దరి మధ్యే ఉండనీ' అంది. ఏడునెలలు అలాగే నడిచింది. పోయిన నెల ఇరవయ్యో తారీకున ఎలాగూ సెన్సర్ల పట్టీలు మార్చాల్సొచ్చింది. అప్పుడు నేనే తిన్నగా బిగించా. కంప్యూటర్లో పెట్టిన తిరగేత తను తీసేసింది."

"అంటే ఇప్పుడు సెన్సరు తిన్నగా ఉంది. కంప్యూటరూ తిన్నగా ఉంది."

"నా బిడ్డలమీద ఒట్టు."

"మరి తెరమీద తలకిందులుగా ఎందుకుంది?"

"అదే అర్థం కావట్లేదండీ. అందుకే మళ్లీ అటు చూడలేకపోయా."

డిటెక్టివ్ బుర్ర నెమ్మదిగా తిరుగుతుంది, కానీ తిరగడం మొదలుపెడితే ఆగదు. "పానా గారూ. సెన్సరు తలకిందులుగా ఉన్న రోజుల్లో రాసుకున్న పాత రికార్డును తెచ్చి ఇవాళ తిప్పారనుకోండి. అప్పుడు?"

"కంప్యూటర్ దాన్ని ఇప్పుడు తిరగెయ్యదు కదా. ఉన్నదున్నట్టు..." పానా మాట మధ్యలోనే ఆగిపోయింది. చేత్తో గోడ పట్టుకున్నాడు. "తలకిందులుగానే కనపడుతుంది."

"ఈ తిరగేత సంగతి తెలిసింది మీ ఇద్దరికే. పాత రికార్డు పెట్టినవాడికి తెలియదు. తెలిస్తే సరిచేసేవాడు."

గదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. పానా రికార్డును వెనక్కి జరిపాడు. బుధవారం, తలకిందులు. మంగళవారం రాత్రి, తలకిందులు. సాయంత్రం, తలకిందులు. మూడూ అయిదు దగ్గర చెయ్యి ఆగింది. దానికి ముందు ఏడో గీత ఆరుతోనూ ఎనిమిదితోనూ కలిసి సుబ్బరంగా దిగుతోంది. మూడూ అయిదు దాటగానే తిరగబడింది.

సిగ్నలమ్మ బయటికి వెళ్లిందని రిజిస్టరులో రాసిన నిమిషం కూడా అదే.

"బావా! ఇక్కడ కూడా తయారయ్యావా?"

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. స్వయానా డిటెక్టివ్ భార్యకు తమ్ముడు. పండగో పబ్బమో అయితే బావా బావా అని చుట్టూ తిరుగుతాడు కానీ, కేసు దగ్గర ఎదురుపడితే ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"డ్యూటీలో బావా అనకు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నీకు డ్యూటీ ఏమిటి బావా, రాజీనామా ఇచ్చి ఏడేళ్లయింది. ఈ ఫైలు ఇవాళ మూసేస్తున్నా. స్కూటరు బస్టాండులో ఉంది. రిజిస్టరులో సంతకం ఉంది. పిల్ల ఎటో వెళ్లిపోయింది. మా అక్క మొహం చూసి ఊరుకుంటున్నా, లేకపోతే ప్రభుత్వ ఆఫీసులో దూరినందుకు నిన్నే లోపలెయ్యాలి."

"వంతెన లోపల వెతికించావా?"

"కానిస్టేబులు మూత తెరిచి తల పెట్టి పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు."

"పైన లారీలు పోతుంటే లోపల వాడి కేక వాడికే వినపడి ఉండదు. నడిచి చూశాడా?"

"కిలోమీటరు ఇనప గొట్టంలో పాకుతూ వెతకడానికి ఆధారం ఏమిటి? నువ్వు వెళ్తావా?" ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "లిఫ్టు ఎక్కడానికి భయపడి నా పెళ్లిలో అయిదంతస్తులు మెట్లెక్కి వచ్చిన మనిషివి."

గొడవ విని చీఫ్ ఇంజనీరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. డిటెక్టివ్‌కు ఒళ్లు మండింది. ఆ మంటలో చెయ్యకూడని పని చేశాడు. తెలిసిందంతా అక్కడే, అందరి ముందే కక్కేశాడు.

"ఆ తెరమీద తిరుగుతున్నది పాత రికార్డు. మంగళవారం మూడూ అయిదునుంచి ఈ వంతెన నిజంగా ఎలా ఉందో ఎవరూ చూడలేదు. ఎవరో చూడనివ్వలేదు. ఏడో గీత పట్టిచ్చింది."

"వైరు లూజై ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. చీఫ్ కూడా నెమ్మదిగా తలాడించాడు.

"సరే, ఒక్క నిమిషం చాలు. రెండు చివర్లా ట్రాఫిక్ ఆపించు. నేను చెప్పింది తప్పయితే నీ ఎదుట చెవులు పట్టుకుని గుంజీళ్లు తీస్తా. మీ అక్కను కూడా పిలుచుకో చూడటానికి."

ఆ ఆశకు ఇన్‌స్పెక్టరు పడిపోయాడు. వైర్‌లెస్ తీసి రెండు ఒడ్డుల కానిస్టేబుళ్లకూ చెప్పాడు. నాలుగు నిమిషాల్లో హారన్లు మొదలయ్యాయి, ఆ తర్వాత ఆఖరి బస్సు కూడా దిగిపోయింది. కంట్రోల్ రూము కిటికీలోంచి చూస్తే ఎనిమిది వందల మీటర్ల రోడ్డు నున్నగా, బోసిగా పడి ఉంది. ఒక్క చక్రం కూడా లేదు. కాళ్లకింద నేల వణకడం మానేసింది.

నలుగురూ తెరవైపు తిరిగారు.

తెరమీద ఒక పెద్ద లారీ వెళ్తోంది. ఒకటో గీత, రెండో గీత, మూడో గీత వరసగా దిగి లేచాయి. దాని వెనక ఇంకో లారీ ఎక్కింది. ఖాళీ వంతెనను తొక్కుకుంటూ అవి హాయిగా అవతలి ఒడ్డుకు పోయాయి. మూలన ఇరవై నాలుగు అలాగే వెలుగుతోంది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. డిటెక్టివ్‌కు గెలిచిన ఆనందం లేదు. దెయ్యాన్ని చూసినంత భయం వేసింది.

"సర్వరు ప్రాబ్లమ్ అయి ఉంటుందండీ," అన్నాడు చీఫ్. "నేను చూసి వస్తా."

డిటెక్టివ్ ఆ మాట విన్నాడు. కానీ ఆయన బుర్రంతా అప్పటికే వేరే చోట ఉంది. "నిజం గీతలు ఎక్కడ చూడొచ్చు?" అని పానాను అడిగాడు.

"పెట్టెలోపల, ఒకటో నంబరు దగ్గర. సెన్సర్ల వైర్లన్నీ అక్కడి బీరువాలోకి వస్తాయి. ల్యాప్‌టాప్ నేరుగా తగిలిస్తే మధ్యలో ఎవరూ వేలు పెట్టలేరు."

"ట్రాఫిక్ వదలకు," బావమరిదికి చెప్పి డిటెక్టివ్ బయటికి నడిచాడు. ఏడేళ్లలో మొదటిసారి ఇన్‌స్పెక్టరు ఎదురు చెప్పలేదు.

నేలలో ఇనప మూత. దాని కింద నిలువు నిచ్చెన. పానా మంచినీళ్లు తాగినంత తేలికగా దిగిపోయాడు. డిటెక్టివ్ మొదటి మెట్టుమీద కాలు పెట్టి ఆగిపోయాడు. కళ్లు మూసుకుని కొలతల టేపు వేసుకున్న ఆ అక్కను తలుచుకుని, ఒక్కో మెట్టే లెక్కపెట్టుకుంటూ దిగాడు. పదిహేడు.

లోపల మనిషెత్తు ఉంది, రెండు చేతులు చాపితే గోడలు తగులుతాయి. ఎండకు కాలిన ఇనుము పైనుంచి సెగ కొడుతోంది. ముందువైపు ఇనప అడ్డగోడ, దానిలో మనిషి వంగి దూరేంత గుండ్రటి కంత, ఆ కంతలోంచి చూస్తే ఇంకో అడ్డగోడ, ఇంకో కంత. టార్చి వెలుగు పడినంతమేరా అవే. ఆ చివర ఎక్కడో చీకట్లో కలిసిపోయాయి.

పానా బీరువా తెరిచి ల్యాప్‌టాప్ తగిలించాడు. నిజమైన గీతలు వచ్చాయి. రోడ్డు ఖాళీ కావడంతో పద్నాలుగూ దాదాపు తిన్నగా ఉన్నాయి. గాలికి వంతెన ఊగే సన్నటి అల తప్ప ఇంకేమీ లేదు. ఏడో గీత మిగతావాటితో కలిసి దిగి, కలిసి లేస్తోంది. రెండు నిమిషాలు లెక్క కట్టి మూలన అంకె చూపించింది కంప్యూటరు.

ఇరవై రెండున్నర.

"దేవుడా," అన్నాడు పానా. "ఎండకి మహా అయితే పావు దిగుతుందండీ. ఇది ఒకటిన్నర. నడిమధ్య ఎక్కడో పెద్ద పగులు ఉంది. సిగ్నలమ్మ పదిహేను రోజులుగా చీఫ్ గారితో గొడవ పడుతోంది, వంతెన మూసెయ్యాలని. ఈ వంతెన బాగుందని సంతకం పెట్టింది ఆయనే. మూస్తే ఆయన పరువేం కావాలి?"

"పదిహేను రోజులుగానా?"

"అవునండీ. మూడు రిపోర్టులు ఇచ్చింది. ఆయన మూడూ సొరుగులో పెట్టేశాడు."

డిటెక్టివ్ మెదడులో ఏదో గట్టిగా తట్టింది. పదిహేను రోజులు అసలు గీతలు తెరమీద తిరుగుతూనే ఉన్నాయి. లెక్క దిగుతున్నా చీఫ్ వాటిని దాచలేదు, ఆమె తప్ప వాటిని చదివేవాళ్లు లేరు కాబట్టి. మరి సరిగ్గా మంగళవారం మూడూ అయిదుకే ఎందుకు దాచాల్సొచ్చింది? పగులు ఆ నిమిషంలో పుట్టింది కాదు. చదువురానివాళ్లకు కూడా కనబడిపోయేది ఇంకేదో ఆ నిమిషంలో మొదలై ఉండాలి. మొదలై, ఆగకుండా సాగుతూ ఉండాలి.

"పానా గారూ. ఆమె లోపలికి ఏం పట్టుకుని దిగింది?"

"టార్చి, నీళ్ల సీసా, సుత్తి. ఇనుము చిట్లిందో లేదో సుత్తితో కొట్టి, మోగే మోతను బట్టి..."

ఇద్దరూ ఒక్కసారే తెరవైపు చూశారు.

ఏడో గీత మీద సన్నటి ముల్లు ఒకటి లేచింది. ఆగింది. ఇంకోటి లేచింది. ఇంకోటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. డిటెక్టివ్ ఊపిరి బిగబట్టి అరవై దాకా లెక్కపెట్టాడు. మళ్లీ మూడు. ఆరో గీత మీదా ఎనిమిదో గీత మీదా అవే ముళ్లు ఇంకా చిన్నవిగా, కంటిరెప్ప పాటు వెనకగా కనిపించాయి.

"ఏడు దగ్గరే," పానా ఏడుపు గొంతుతో అన్నాడు. "అక్కడ పక్కన చిన్న అర ఉందండీ. తలుపుకు బయటినుంచి నాలుగు బోల్టులు. లోపలినుంచి తియ్యలేరు. బతికే ఉంది. నా తల్లి బతికే ఉంది!"

డిటెక్టివ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు. రెండు రోజులుగా ఈ కొలిమిలో, ఒక్క సీసా నీళ్లతో, రోజంతా తలమీద వేల బండ్లు పోతుంటే ఆమె కొడుతూనే ఉంది. వినాల్సిన తెర మాత్రం పాత లారీలు చూపిస్తూ కూర్చుంది. చంపడానికి చేతులు రాక తలుపు బిగించి, రిజిస్టరులో దొంగ సంతకం పెట్టి, స్కూటరు బస్టాండులో వదిలి, మిగతాది ఎండకు వదిలేశాడు మహానుభావుడు.

బీరువా పక్కన గోడకు కంట్రోల్ రూము ఫోను ఉంది. డిటెక్టివ్ అందుకున్నాడు. "ఒరేయ్, దొరికింది. ఏడో నంబరు దగ్గర. బతికే ఉంది. అంబులెన్సు పిలిపించు. చీఫ్‌ని కదలనివ్వకు."



"చీఫ్ ఇక్కడ లేడు బావా. అవతలి ఒడ్డున ఇంకో సర్వరు ఉందట, చూసొస్తానన్నాడు. రోడ్డు ఖాళీగానే ఉంది కదా అని నా జీపిచ్చి పంపించా. వెళ్లి పది నిమిషాలైంది."

"అవతలి ఒడ్డున కూడా లోపలికి దిగే మూత ఉందా?" డిటెక్టివ్ పానాను అడిగాడు.

పానా వేలు పెట్టి తెర చూపించాడు. పన్నెండో గీత మీద చిన్న చిన్న ముళ్లు వరసగా లేస్తున్నాయి. ఒకటి, రెండు, ఒకటి, రెండు. కాసేపటికి పన్నెండు సర్దుకుంది. పదకొండు మొదలుపెట్టింది.

"నడక," అన్నాడు పానా. "నేను లోపల తిరిగినా ఇలాగే రాస్తుందండీ. నా అడుగులు చూసి సిగ్నలమ్మ నవ్వేది."

తప్పు తనదే. ఎక్కడ పట్టుబడ్డాడో, ఎలా పట్టుబడ్డాడో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చీఫ్‌కు చెప్పింది తనే. రోడ్డు ఖాళీ చేయించి దారిచ్చింది కూడా తనే.

"అవతలినుంచి మనిషిని దింపు! తొందరగా!" ఫోనులో అరిచి వదిలేశాడు. ఇక్కడినుంచి ఏడో నంబరుకు మూడు వందల అరవై మీటర్లు. పదకొండునుంచి ఏడుకు రెండు వందల నలభై. ఆ మనిషి ఈ పెట్టెలో ముప్ఫై ఏళ్లుగా తిరుగుతున్నాడు.

డిటెక్టివ్ మొదటి కంతలో తల దూర్చాడు. భుజాలు ఇనుముకు రాసుకోగానే ఒళ్లంతా బిగుసుకుపోయింది. కళ్లముందు చుక్కలు తిరిగాయి. వెనక్కి రమ్మని శరీరంలో ప్రతి నరమూ లాగుతోంది. పళ్లు బిగించి అవతల పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. లేచి పరుగెత్తి రెండో కంతలో దూరాడు.

"పది దాటాడండీ!" వెనకనుంచి పానా కేక. "తొమ్మిది!"

అరచి ఆమెకు చెప్పాలనిపించింది. గోడమీద పిడికిలి ఎత్తాడు, గట్టిగా కొడితే ఇనుము వెంట మోత పోతుంది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మోత వింటే ఆమె జవాబుగా ఇంకా గట్టిగా కొడుతుంది, ఇంకా బతికే ఉందని చీఫ్‌కు తెలిసిపోతుంది. ఎవరి మోతో ఆమెకెలా తెలుస్తుంది? పిడికిలి దించి మూడో కంతవైపు పరుగు తీశాడు.

"బాబూ!" పానా గొంతులో ఈసారి సంతోషం. "అమ్మాయి గబగబా కొడుతోంది! అడుగుల చప్పుడు విన్నట్టుంది!"

ఇక తెర అక్కర్లేకపోయింది. మోత ఆయనకే నేరుగా వినిపిస్తోంది. దూరంనుంచి, ఇనుము వెంట పాకుతూ, ఠంగు ఠంగుమని ఆగకుండా, మిగిలిన బలమంతా పెట్టి. కాపాడేవాళ్లు వచ్చేశారనుకుని, తను ఇంకా బతికే ఉన్నానని చిట్టి ఆ చీఫ్‌కే చెబుతోంది.